ఎక్స్‌రే తీయించుకుంటున్నారా? డోసు లెక్క తెలుసుకోండి

ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చునేవారిలో మాకు రెండు రకాలవారు కనబడతారు. "ఫోటో తీస్తే ఒంట్లోకి విషం పోతుందంట కదా, అది లేకుండా మందులు రాసియ్యండి" అనేవారు ఒకరు. "ఎందుకైనా మంచిది, తల నుంచి కాళ్ళ దాకా అన్నీ తీసెయ్యండి, డబ్బులు కడతాం" అనేవారు మరొకరు. మొదటివారిది భయం, రెండోవారిది ధీమా. ఎక్స్‌రేలో ఒంటికి తగిలేది ఎంతో వారికి ఎవరూ లెక్క చెప్పకపోవడమే ఈ రెండింటికీ కారణం. ఈసారి ఆ లెక్క చెప్పాలనుకున్నాం.

డోసు అనే మాట మన ప్రాంతంలో కొత్తదేమీ కాదు. పత్తి చేలో మందు కొట్టే ప్రతి రైతుకూ తెలుసు. తక్కువైతే పురుగు చావదు, డబ్బు దండగ. ఎక్కువైతే పైరుకూ చేటు, కొట్టే మనిషికీ చేటు. అందుకే డబ్బా మూతతో కొలిచి ట్యాంకులో పోస్తారు. ఎక్స్‌రే కూడా అంతే. తక్కువైతే బొమ్మ తెలియదు, మళ్ళీ తీయాలి. ఎక్కువైతే ఆ ఎక్కువ భాగం వల్ల రోగికి ఏ ప్రయోజనమూ లేదు. తగినంత ఎంతో కొలిచి తెలుసుకోవాలి.

ఎక్స్‌రే ఒంట్లో ఏం చేస్తుంది?

1895 నవంబరు 8న జర్మనీలో విల్హెల్మ్ రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టారు. దానికి 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ కిరణాలు మెత్తటి కండలోంచి సులువుగా దూసుకుపోతాయి, ఎముక దగ్గర చాలావరకు ఆగిపోతాయి. అవతలికి చేరినవి ఫిలిం మీద నలుపుగా, ఆగిపోయిన చోటు తెలుపుగా పడతాయి. మన చేతికిచ్చే బొమ్మ అదే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. బొమ్మను తయారుచేసేవి అవతలికి దాటిన కిరణాలు. ఒంటికి డోసు ఇచ్చేవి లోపల ఆగిపోయినవి. ఆగినవాటి శక్తి కణాలలోకి వెళ్తుంది. అందులో కొంత కణంలోని వారసత్వ పదార్థాన్ని తాకవచ్చు. ఆ గాయాన్ని శరీరం చాలావరకు తనే బాగుచేసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి బాగుపడకుండా మిగిలినది ఏళ్ళ తరువాత క్యాన్సరుగా మారే అవకాశం చాలా కొద్దిగా ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అంతేగాని యంత్రం ఆపిన తరువాత ఒంట్లో "కిరణాలు నిలిచి ఉండడం" అనేది లేదు. దీపం ఆర్పితే వెలుతురు గదిలో మిగలనట్టే, స్విచ్చి వదలగానే కిరణాలు లేవు.

తొలి రోజుల్లో ఈ సంగతి తెలియక చాలామంది నష్టపోయారు. అమెరికాలో ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ రోజూ తన చేతినే యంత్రం ముందు పెట్టి పరీక్షించేవాడు. చేతులు పుండ్లు పడ్డాయి, క్యాన్సరు వచ్చింది, 1904లో చనిపోయాడు. అలాంటివారు పడిన కష్టం నుంచే నేటి జాగ్రత్తలన్నీ పుట్టాయి.

మన నేలలో ఎక్స్‌రే చేసిన మేలు

ఎక్స్‌రే వద్దనేవారు మన ప్రాంతపు చరిత్రనే ఒకసారి గుర్తుచేసుకోవాలి. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఊళ్ళలో నడుము వంగక, మెడ తిరగక, చిన్న వయసులోనే కర్ర పట్టుకున్నవారిని పెద్దలు ఎరుగుదురు. ఆ ఊళ్ళు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జబ్బు శాపమూ కాదు, మామూలు వాతమూ కాదు, బావినీళ్ళలోని ఫ్లోరైడు అని 1937లో హెచ్. ఇ. షార్ట్, ఆయన తోటి వైద్యులు ప్రచురించిన పరిశీలనలు లోకానికి తెలిపాయి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వైద్య పత్రాలు అవే. వాటి రచయితలలో మద్రాసులోని బర్నార్డ్ రేడియాలజీ సంస్థకు పేరిచ్చిన టి. డబ్ల్యూ. బర్నార్డ్ కూడా ఒకరు. ఎముకలు సున్నం పట్టినట్టు తెల్లగా, దట్టంగా కనబడటం, వెన్నుపూసల మధ్య నరంలాంటి పట్టీలు గట్టిపడటం, ఇవన్నీ బయటపెట్టింది ఎక్స్‌రే ఫిలిమే.

డోసు సంగతి చెప్పడానికి కూడా ఈ జబ్బే మంచి ఉదాహరణ. ఫ్లోరోసిస్ అనుమానం వస్తే వెంటనే నడుముకు ఎక్స్‌రే తీయాలని చాలామంది అనుకుంటారు. కాని మోచేతికీ మణికట్టుకూ మధ్య ఉన్న రెండు ఎముకలను కలిపే పలుచని పొర ఈ జబ్బులో గట్టిపడి ఫిలిం మీద కనబడుతుంది. ముంజేతి ఎక్స్‌రేతోనే డాక్టరుకు చాలాసార్లు ఆధారం దొరుకుతుంది. ముంజేతి ఫిలింకు ఒంటికి తగిలేది సుమారు 0.001 మిల్లీసీవర్ట్. నడుము ఎక్స్‌రేకు సుమారు 1.5 మిల్లీసీవర్ట్, అంటే 1,500 రెట్లు. అడిగే ప్రశ్నకు ఏ ఫిలిం సరిపోతుందో ముందుగా ఆలోచించడమే డోసు తగ్గించడంలో మొదటి మెట్టు. నడుములో నరం నొక్కుకుందన్న అనుమానం ఉంటే మాత్రం నడుముకే తీయాలి. అది వేరే ప్రశ్న.

ఈ ఒక్క జబ్బే కాదు. రెండు వారాలకు మించిన దగ్గు, మార్కాపురం పలకల పనిలో, చీమకుర్తి గ్రానైటు పనిలో దుమ్ము పీల్చినవారి ఆయాసం, మిరప కోతకు కూలీలను తీసుకెళ్ళే ఆటో బోల్తాపడి విరిగిన తుంటి ఎముక, వీటికి ఎక్స్‌రే లేకుండా మందు రాస్తే చీకట్లో రాయి వేసినట్టే. భయపడి ఛాతీ ఫిలిం వద్దన్నవారి ఇంట్లో క్షయ ఉంటే, ఆ ఆలస్యంలో అది పిల్లలకూ పాకుతుంది. ఆ నష్టం ముందు ఒక ఛాతీ ఎక్స్‌రే డోసు లెక్కలోకి రాదు.

డోసును ఎలా కొలుస్తారు?

కాటా వేయకుండా గుంటూరు యార్డులో మిర్చి టిక్కీకి లెక్క కట్టరు. కంటికి కనబడని, ఒంటికి తెలియని కిరణాలను కొలవకుండా "తక్కువే ఇచ్చాం" అనడం అంతకంటే తప్పు. రోగికి తగిలే డోసును ప్రధానంగా మూడు విధాలుగా తెలుసుకుంటారు.

మొదటిది, చర్మం మీద చిన్న స్ఫటికపు బిళ్ళ పెట్టడం. ఎక్స్‌రే సిబ్బంది ఛాతీ దగ్గర పెట్టుకునే బ్యాడ్జిని మీరు చూసే ఉంటారు. దాన్ని టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. అందులోని స్ఫటికం తగిలిన కిరణాల శక్తిని దాచుకుంటుంది. తరువాత ప్రయోగశాలలో వేడిచేస్తే ఆ శక్తి వెలుగుగా బయటకు వస్తుంది. ఎంత వెలుగు వస్తే అంత డోసు. అలాంటి బిళ్ళనే పరీక్ష సమయంలో రోగి చర్మం మీద పెడితే అక్కడ పడిన డోసు తెలుస్తుంది.

రెండోది, యంత్రం ముక్కు దగ్గర బిగించే పలుచని మీటరు. ఎంత డోసు వెళ్ళింది, ఎంత వెడల్పున వెళ్ళింది అనే రెండింటినీ కలిపి ఇది చూపిస్తుంది.

మూడోది లెక్క కట్టడం. చిన్న ఆసుపత్రులకు ఇదే అనువైనది. మంచి మీటరు తెచ్చి, మన యంత్రం ఒక మీటరు దూరంలో ఎంత ఇస్తుందో ముందే కొలిచి పెట్టుకుంటారు. తరువాత ప్రతి రోగికీ వాడిన కరెంటు, సమయం, దూరం తెలిస్తే చాలు. ఉదాహరణకు ఒక యంత్రం మీటరు దూరంలో ఒక్కో ఎంఎఎస్‌కు 0.08 మిల్లీగ్రే ఇస్తుందనుకోండి. ఛాతీ ఫిలింకు 5 ఎంఎఎస్ వాడారు, రోగి వీపు మీటరున్నర దూరంలో ఉంది. 0.08ని 5తో గుణిస్తే 0.4. దూరం ఒకటిన్నర రెట్లయితే కిరణాల బలం రెండుంబాతిక వంతులకు తగ్గుతుంది, అంటే సుమారు 0.18. ఒంటి లోపల నుంచి చెదిరి వెనక్కి వచ్చే కిరణాలకు మరో మూడో వంతు పైచిలుకు కలిపితే సుమారు 0.24 మిల్లీగ్రే. ఇంటర్ చదివే పిల్లలు కూడా కట్టగల లెక్క ఇది.

సీటీ స్కాన్ యంత్రాలలో ఈ శ్రమ కూడా లేదు. ప్రతి పరీక్షకూ డోసు అంకెలు తెర మీదే కనబడతాయి, రికార్డులో భద్రపరచవచ్చు.

ఏ పరీక్షకు ఎంత?

చర్మం మీద పడినదాన్ని మిల్లీగ్రేలలో చెబుతాం. మొత్తం ఒంటికి దాని ప్రభావం ఎంతో చెప్పడానికి మిల్లీసీవర్ట్ అనే కొలత వాడతాం. నేల, ఆకాశం, తినే తిండి, పీల్చే గాలి, వీటి నుంచి ప్రతి మనిషికీ సహజంగానే కొంత రేడియేషన్ తగులుతుంది. ప్రపంచ సగటు ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్లు. దానితో పోల్చి చూస్తే కింది అంకెలు అర్థమవుతాయి. ఇవి పెద్దవారికి సగటు విలువలు, యంత్రాన్ని బట్టీ మనిషి లావును బట్టీ మారతాయి.

చేయి, కాలు ఎక్స్‌రే: 0.001. సహజంగా నాలుగు గంటల్లో తగిలేంత.
పంటి ఎక్స్‌రే: 0.005. ఒక రోజు లోపు.
ఛాతీ ఎక్స్‌రే: 0.02. మూడు రోజులు.
తుంటి ఎక్స్‌రే: 0.6. మూడు నెలలు.
నడుము ఎక్స్‌రే: 1.5. ఏడున్నర నెలలు.
తల సీటీ: 2. పది నెలలు.
ఛాతీ సీటీ: 7. మూడేళ్ళు.
కడుపు సీటీ: 8. మూడేళ్ళ నాలుగు నెలలు.

ఈ జాబితా ఒకసారి మళ్ళీ చదవండి. అన్నీ "ఫోటోలే" అని మనం ఒకే గాటన కడతాం. కాని ఒక కడుపు సీటీ 400 ఛాతీ ఎక్స్‌రేలకు సమానం. ఛాతీ ఫిలింకు భయపడి, "పెద్ద స్కాన్" మాత్రం అడిగి మరీ తీయించుకోవడం తిరగబడిన జాగ్రత్త.

ప్రమాదం ఎంత అంటారా? అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం రక్షణ ఏర్పాట్ల కోసం వాడే అంచనా ప్రకారం, 1 మిల్లీసీవర్ట్ వల్ల జీవితకాలంలో ప్రాణం తీసే క్యాన్సరు వచ్చే అదనపు అవకాశం లక్షలో 5. ఆ లెక్కన ఛాతీ ఎక్స్‌రేకు పది లక్షలలో ఒకటి. ఇంత చిన్న డోసుల దగ్గర ఇది కొలిచి చూసిన సంఖ్య కాదు, పెద్ద డోసుల నుంచి కిందికి లెక్కకట్టిన అంచనా. అయినా లేదనుకోవడం కంటే ఉందనుకుని జాగ్రత్తపడటం మేలు.

రోగికి హద్దు ఏమిటి?

ఎక్స్‌రే సిబ్బందికి చట్టప్రకారం హద్దు ఉంది. ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్లు దాటకూడదు. మన దేశంలో ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు ప్రజలకు ఏడాదికి 1. మరి రోగికో? రోగికి అలాంటి హద్దు లేదు. వినడానికి వింతగా ఉంటుంది గాని కారణం ఉంది. ప్రమాదంలో తలకు, ఛాతీకి, కడుపుకు దెబ్బ తగిలినవారికి "మీ కోటా అయిపోయింది" అని స్కాన్ ఆపితే ప్రాణం పోతుంది.

హద్దు లేదు గనుకనే రెండు నియమాలు గట్టిగా పాటించాలి. ఒకటి, ఆ పరీక్ష ఫలితం చికిత్సను మార్చేదై ఉండాలి. ఫిలిం ఎలా వచ్చినా అదే మందు ఇచ్చేటట్టయితే ఆ ఫిలిం అక్కరలేదు. రెండు, తీసే ఫిలిం జబ్బు తెలియడానికి సరిపడే డోసుతోనే తీయాలి.

సరిపడేది ఎంతో పోల్చుకోవడానికి మార్గదర్శక స్థాయిలు ఉన్నాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1996లో ఇచ్చిన జాబితాలో, మామూలు ఒళ్ళున్న పెద్దవారికి చర్మం దగ్గర ఒక్కో ఫిలింకు వెనుక నుంచి తీసే ఛాతీకి 0.4 మిల్లీగ్రే, పొట్టకూ తుంటికీ 10, నడుము పక్కనుంచి తీస్తే 30 అని ఉంది. ఇవి ఫిలిం రోజుల అంకెలు, మంచి యంత్రాలతో ఇంతకంటే బాగా తక్కువకే పని జరుగుతుంది. పైన కట్టిన లెక్కలో 0.24 వచ్చింది, 0.4 కంటే తక్కువ. అదే ఒక ఆసుపత్రిలో సగటున 0.8 వస్తే? అది నేరమూ కాదు, ఆ రోగులకు ప్రమాదమూ కాదు. ఎక్కడో సర్దవలసినది ఉందని చెప్పే గంట. ఒక్క రోగికి ఎక్కువైందని కంగారు పడకూడదు, ఎందుకంటే లావుగా ఉన్నవారికి ఎక్కువే కావాలి. పలువురి సగటు చూడాలి.

మన దేశంలో ఈ వ్యవహారాలు చూసేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. దాని లైసెన్సు లేకుండా ఎక్స్‌రే యంత్రం నడపకూడదు. యంత్రానికి కాలానుగుణంగా నాణ్యత పరీక్ష జరగాలి. మీరు వెళ్ళిన చోట లైసెన్సు కాగితం ఉందా అని అడగడం తప్పేమీ కాదు, మీ హక్కు.

డోసు తగ్గించే పనులు

కొత్త యంత్రం కొంటేనే డోసు తగ్గుతుందనుకోవద్దు. చాలా పనులకు రూపాయి ఖర్చు లేదు.

వెలుగు చట్రం బిగించడం. ఫిలిం తీసే ముందు ఒంటి మీద నలుచదరంగా వెలుగు పడుతుంది. కిరణాలు పడేది అంతమేరే. చూడవలసిన భాగానికి దాన్ని కుదిస్తే మిగతా ఒళ్ళంతా తప్పించుకుంటుంది. పైగా చెదిరే కిరణాలు తగ్గి బొమ్మ స్పష్టంగా వస్తుంది.

అల్యూమినియం రేకు. యంత్రం నుంచి వచ్చే బలహీనమైన కిరణాలు ఎలాగూ ఒంటిని దాటలేవు, చర్మంలోనే ఆగిపోతాయి. బొమ్మకు పనికిరావు, డోసు మాత్రం ఇస్తాయి. వాటిని ముందే వడకట్టడానికి గొట్టం ముందు అల్యూమినియం మందం ఉంటుంది. అది సరిగా ఉందో లేదో నాణ్యత పరీక్షలో చూస్తారు.

వోల్టేజి, కరెంటు సర్దడం. వోల్టేజి కొంత పెంచి కరెంటు బాగా తగ్గిస్తే ఎక్కువ కిరణాలు ఒంటిని దాటి అవతలికి చేరతాయి, లోపల ఆగేవి తగ్గుతాయి. ఛాతీ ఫిలింకు ఇది బాగా పనిచేస్తుంది.

వెనుక నుంచి తీయడం. ఛాతీని ప్లేటుకు ఆనించి నిలబడమంటాం. కిరణాలు వీపు నుంచి వస్తాయి. అందువల్ల గుండె బొమ్మ సరైన సైజులో పడుతుంది, స్త్రీల రొమ్ములకు తగిలే డోసు కూడా తగ్గుతుంది.

కంప్యూటర్ ఎక్స్‌రే మీద కన్నేసి ఉంచడం. పాత ఫిలిం రోజుల్లో డోసు ఎక్కువైతే ఫిలిం మాడినట్టు నల్లగా వచ్చేది, తప్పు వెంటనే పట్టుబడేది. ఇప్పుడు కంప్యూటర్ ఎంత ఎక్కువైనా సర్ది అందమైన బొమ్మ చూపిస్తుంది. తక్కువైతేనే గరుకుగా కనబడుతుంది. అందుకని సిబ్బంది తెలియకుండానే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే ప్రమాదం ఉంది. బొమ్మ పక్కన కనబడే ఎక్స్‌పోజరు అంకెను ప్రతిసారీ చూసుకోవడమే దీనికి మందు.

సీసపు గుడ్డ కప్పలేదని కొందరు నొచ్చుకుంటారు. రోగి మర్మాంగాల మీద సీసం కప్పడం దశాబ్దాలుగా వాడుకలో ఉంది. కాని ఒంటి లోపల చెదిరే కిరణాలను అది ఆపలేదు, చూడవలసిన భాగాన్నే కప్పేస్తే ఫిలిం మళ్ళీ తీయవలసి వస్తుంది. అందుకని అమెరికా వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘం 2019లో ఆ అలవాటు మానుకోవచ్చని చెప్పింది. వెలుగు చట్రం సరిగా బిగించడమే మంచి రక్షణ. బిడ్డను పట్టుకుని లోపల నిలబడే తల్లి లేక తండ్రి మాత్రం సీసపు ఆప్రాన్ తప్పక వేసుకోవాలి.

పిల్లల విషయం

పిల్లల కణాలు వేగంగా పెరుగుతుంటాయి, వారి ముందు ఎన్నో ఏళ్ళ జీవితం ఉంది. అందుకే అదే డోసు పెద్దవారికంటే పిల్లలకు ఎక్కువ లెక్క. అదృష్టవశాత్తూ చిన్న ఒంటికి కావలసిన కిరణాలూ తక్కువే. పెద్దవారికి పెట్టిన అంకెలతో పిల్లలకు తీయకూడదు. చెదిరే కిరణాలను ఆపే జల్లెడలాంటి గ్రిడ్ కూడా పసిపిల్లలకు సాధారణంగా అక్కరలేదు, అది తీసేస్తే డోసు బాగా తగ్గుతుంది. సీటీలో కూడా పిల్లల బరువుకు తగినట్టు అంకెలు మార్చాలి. దీని గురించి 2008 నుంచి "ఇమేజ్ జెంట్లీ" అనే పేరుతో ప్రపంచమంతటా ప్రచారం జరిగింది.

"ఈ వారంలోనే బాబుకు రెండు ఫోటోలు తీశారు, ఏమన్నా అవుతుందా అమ్మా?" అని తల్లులు మా నర్సులను అడుగుతుంటారు. న్యుమోనియాతో చేరిన బిడ్డకు రెండు ఛాతీ ఫిలింలు తీసినా అది సహజంగా కొన్ని రోజుల్లో తగిలేదానికి మించదు. నిశ్చింతగా ఉండండి. కాని ఆటలో పడి తలకు చిన్న బొప్పి కట్టిన బిడ్డకు, వాంతులు లేక, మగత లేక, చక్కగా ఆడుకుంటుంటే, సీటీ కావాలని మీరుగా పట్టుబట్టవద్దు. కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండమని డాక్టరు చెబితే అది నిర్లక్ష్యం కాదు, ఆలోచించి చెప్పిన మాట.

నెల తప్పినవారు

నెల తప్పిందన్న అనుమానం ఉంటే గదిలోకి వచ్చే ముందే చెప్పండి. అత్తగారి ముందు చెప్పలేకపోతే నర్సును పక్కకు పిలిచి చెప్పండి. అత్యవసరం కాని పొట్ట, నడుము ఫిలింలు వాయిదా వేయవచ్చు, లేదా అల్ట్రాసౌండుతో పని జరగవచ్చు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. తెలియక ఎక్స్‌రే తీయించుకుని, తరువాత గర్భమని తేలితే, "బిడ్డ అవిటిగా పుడుతుంది, తీయించెయ్" అని చెప్పేవారు ఊళ్ళో దొరుకుతారు. వినకండి. ఛాతీ ఎక్స్‌రేలో కడుపులోని బిడ్డకు తగిలేది 0.01 మిల్లీగ్రే కంటే తక్కువ. నడుము ఎక్స్‌రేకు సగటున సుమారు 1.7. పొత్తికడుపు సీటీకి సుమారు 25. బిడ్డకు 100 మిల్లీగ్రే కంటే తక్కువ తగిలినప్పుడు రేడియేషన్ కారణంగా గర్భం తీయించుకోవలసిన పనిలేదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2000లోనే స్పష్టంగా చెప్పింది. ఏ పరీక్ష, ఏ తేదీన, ఎన్ని ఫిలింలు అనే వివరాలతో డాక్టరు దగ్గరకు రండి, లెక్క కట్టి చెబుతారు. ఒక తప్పుడు మాటకు ఒక బిడ్డ బలి కాకూడదు.

"స్కానింగ్" అంటే ఏ స్కానింగ్?

మన దగ్గర మూడు వేరువేరు పరీక్షలను ఒకే మాటతో పిలుస్తారు. గర్భిణులకు జెల్లు రాసి చేసేది అల్ట్రాసౌండు. అది శబ్ద తరంగాలతో పనిచేస్తుంది, ఎక్స్‌రే లేదు. పొడవాటి సొరంగంలో పెద్ద చప్పుళ్ళతో చేసేది ఎంఆర్ఐ. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, అందులోనూ ఎక్స్‌రే లేదు. సీటీ మాత్రమే ఎక్స్‌రేతో పనిచేస్తుంది. డాక్టరు రాసిన చీటీలో ఏది ఉందో అడిగి తెలుసుకోండి. "దీని బదులు అల్ట్రాసౌండు సరిపోతుందా అండీ?" అని అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడరు.

అన్నింటికంటే పెద్ద ఆదా మీ చేతిలో ఉంది

వోల్టేజి సర్దితే, చట్రం బిగిస్తే డోసు కొంత తగ్గుతుంది. కాని అక్కరలేకుండా రెండోసారి తీసే ఫిలిం మానేస్తే ఆ డోసు మొత్తంగా తప్పుతుంది. మా దగ్గర పాడైన ప్రతి ఫిలింకూ కారణం రిజిస్టరులో రాస్తాం. ఆ కారణాలలో చాలావాటిని ఆపగలిగింది మీరే.

గదిలోకి వచ్చే ముందు గొలుసు, తాయెత్తు, పిన్నీసులు, జేబులోని చిల్లర, సెల్‌ఫోను తీసి ఇంటివారికి ఇవ్వండి. జడను పైకి ముడి వేసుకోండి. భుజం మీదుగా ముందుకు పడ్డ జడ ఊపిరితిత్తి మీద మచ్చలా కనబడుతుంది, క్షయ ఏమోనన్న అనుమానంతో మళ్ళీ తీయవలసి వస్తుంది. "గాలి పీల్చి బిగపట్టండి" అన్నప్పుడు బిగపట్టండి, "వదలండి" అనేదాకా కదలకండి. చెప్పినది సరిగా వినబడకపోతే మళ్ళీ అడగండి, సిగ్గుపడకండి.

ఇక పాత ఫిలింలు. పల్లె నుంచి పట్నం ఆసుపత్రికి, అక్కడ నుంచి ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళ్ళే రోగికి ప్రతి చోటా అదే భాగానికి మళ్ళీ ఫిలిం తీయడానికి తరచుగా కారణం ఒకటే. పాతది వెంట లేదు. మంచం కింద చుట్టచుట్టి పెట్టినది ఎండకు అతుక్కుపోతుంది. గ్రహణం చూడటానికి పిల్లలు కత్తిరించుకుంటారు. దానితో సూర్యుణ్ణి చూడటం కళ్ళకు కూడా చేటు. ఫిలింలో వెండి ఉంటుందని పాత సామాన్లవాళ్ళు కొనుక్కుపోతారు. వారిచ్చే నాలుగు రూపాయలకు ఇస్తే, తరువాత కొత్త ఫిలింకు కట్టేది వందల్లో ఉంటుంది. ఒంటికి తగిలే డోసు దానికి అదనం.

పాత ఫిలింకు ఇంకో విలువ కూడా ఉంది. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడితే అది కొత్తదా, పదేళ్ళ కిందటి మానిన మచ్చా అన్నది కొత్త ఫిలిం ఒక్కటే చెప్పలేదు. పాతది పక్కన పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అప్పుడు సీటీ అవసరమే రాకపోవచ్చు. ఒక పాత ఫిలిం 7 మిల్లీసీవర్ట్లు ఆదా చేసినట్టు.

కాబట్టి ఇంటికో పెద్ద కవరు పెట్టుకోండి. పొలం పాసుపుస్తకం పెట్టే చోటే దాన్నీ పెట్టండి. ఫిలింలను చుట్టకుండా, మడవకుండా, మధ్యలో కాగితం పెట్టి బల్లపరుపుగా ఉంచండి. సీడీ ఇస్తే సీడీ, రిపోర్టు ఇస్తే రిపోర్టు అందులోనే వేయండి. కవరు మీద పేరు, ఏ భాగం, ఏ తేదీ అని వరుసగా రాసుకోండి. ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా, కొత్త ఫిలిం రాయకముందే ఆ కవరు బల్ల మీద పెట్టండి.